ఉత్తుత్తి ఇరుసు

సిద్దేశ్వరం కొండ దిగేటప్పుడు
రెండో గేరు ఎగిరి న్యూట్రల్లో పడతది.
పడకుండా రాడ్డుకి మోకాలు అడ్డం పెట్టి
ఆరు నెలలు నడిపినా జీపు.
మోకాలి పక్కన నల్లగా కాయ కాచింది.
పదకొండు మంది జనం, రెండు పొట్టేళ్లు,
పైన తాళ్లతో కట్టిన కొత్త ఇనప మంచం,
ఇదంతా నా మోకాలి మీద ఆగుండాదని
వాళ్లకి తెలీదు.
"ఏందబ్బయా, కాలట్టా పెట్టినావు?" అంటే
తిమ్మిరి అనేవాణ్ణి.

ఉదయగిరి బస్టాండు ఎనక దస్తగిరి షెడ్డు.
ముందు స్పానరు ముట్టుకోలా.
ఎక్కి పక్కన కూచోని "పోనీ" అన్నాడు.
రాడ్డు మీద రెండు వేళ్లే ఆనించినాడు.

"ఒకటిలో ఏడుస్తా ఉందా?"
ఉంది.
"రెండు?"
ఏడ్చి, దూకతా కూడా ఉంది.
"మూడు?"
సన్నంగా.
"నాలుగేసి ఇను."
దుత్తలూరు రోడ్డు. నాలుగేసినా.
ఏడుపు లేదు. సజ్జచేల మీద గాలి ఇనపడింది,
ఎనక టార్పాలిను కొట్టుకోవడం ఇనపడింది.

"నాలుగులో పై ఇరుసే నేరుగా తిరగతది.
కింది ఇరుసు మీద బరువుండదు.
బరువు పడ్డప్పుడే ఏడ్చేది ఎవురో
రోగం వాళ్లదే. తిప్పు బండి."
షాఫ్టుని ఇరుసంటాడు దస్తగిరి.
వాళ్ల తాత ఎడ్లబండ్లకి చక్రాలు బిగించేవాడంట.

ఆయిలు దించితే పళ్లెం నిండా
ఇత్తడి పొడి, తళతళా.
అదంతా నా డబ్బులేనని ఎలగడానికి
కొంచెం సేపు పట్టింది.
అయస్కాంతం వేసి కలబెట్టినాడు.
సూదంత రోలరు, సగం ఇరిగింది,
అంటుకోని పైకొచ్చింది.

పెట్టె దించడానికి ఇద్దరం, ఒక జాకీ, నా లుంగీ.
కదలని బోల్టుకి కిరసనాయిలు పోసి
టీ తాగొచ్చినాం.
కింది ఇరుసు లాగంగానే రోలర్లు
జొన్నగింజల్లాగా జారి నేలంతా.
ఏరి లెక్క పెట్టినాం. నలభై మూడు.
మళ్లీ పెట్టినాం. నలభై మూడు.
ఇరిగినదాన్ని కలుపుకుంటే నలభై మూడున్నర.

కొత్త ఇరుసు, కొత్త రోలర్లు, ఇత్తడి వాషర్లు
నెల్లూరు నించి కండక్టరు సంచీలో
మర్నాడు సాయంత్రం వచ్చినై.
కూర్చడం మొదలుపెట్టినాడు.
గేరు బొక్కలో గ్రీజు పూసి
ఒక్కో రోలర్నీ నిలబెట్టి
ఇరుసు దూరిస్తే పడిపోతై.
నిలబెట్టి, దూరిస్తే, పడిపోతై.
మూడోసారి దాని అమ్మనీ ఆలినీ తిట్టి
లేచి ఎదురు సందులోకి పోయినాడు,
జైనాబీ ఇంటికి.

నర్ది కర్రతో గరిటెలు చెక్కే మనిషి.
ఇరుసుని చేతిలోకి తీసుకోని తిప్పి చూసి
"ఎంత కాలం ఉండాల?" అంది.
"పావుగంట."
"పావుగంట పనికి నర్ది ఎందుకు, ఏదో ఒక కట్టె చాలు"
అంటానే నర్దే తీసింది.
స్కేలు లేదు. బొటనేలితో కొలిచి
బాడిసెతో చెక్కి, గాజుపెంకుతో గీకి
ఒక్క ఎంట్రుక సన్నం చేసింది.

కర్ర చుట్టూ రోలర్లు నిలబడినై.
కదల్లా.
పెట్టెలోకి దించి, అసలు ఇరుసుని
ఒక పక్క నించి మెల్లగా తోసినాడు.
ఉక్కు లోపలికి వస్తా ఉంటే
దాని ముందర కర్ర
చోటు అప్పజెప్పి అవతలికి పోతా ఉంది,
ఒక్క రోలర్నీ దొర్లనియ్యకుండా.
కింద పడబోతే పట్టుకున్నా.
గ్రీజు కింద ఇంకా పచ్చి వాసన.

జైనాబీ యాబై తీసుకోని
కర్ర కూడా ఇచ్చెయ్యమంది.
కుంకుడు రసంతో కడిగినాం, ఎండబెట్టినాం.
ఆయిలు కంపు పోలా.
"దీంతో గరిటె చేస్తే పులుసంతా జీపు వాసనే" అని నవ్వి,
పొయ్యిలో పెట్టద్దా అని కోడలంటా ఉంటే
ఇనకుండా చూరులో దోపింది.

రివర్సు మాత్రం ఇంకా కరుస్తానే ఉంది.
ఆ సంగతి దసరాకి చూద్దామన్నాడు దస్తగిరి.

పొద్దున్నే కొండ దిగినా.
రెండో గేరు ఉన్నకాడే ఉంది,
మలుపులో కూడా.
మోకాలే, దానికి ఎవురూ చెప్పలేదు గదా,
పోయి రాడ్డుకి ఆనుకోని ఉంది.
ఎనక నించి ఒక పెద్దాయన అడిగినాడు.
తిమ్మిరి, అన్నా.